రాసిపెట్టి ఉందన్న మాట

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఇండియన్ స్టోర్ల వరస చివరన ఉన్న చిన్న మందుల షాపులో రాధారాణి తొమ్మిదేళ్లుగా ఫార్మసిస్ట్. తన చేతి మీదుగా వెళ్లే ప్రతి మందునీ రెండోసారి తెరిచి చూస్తుంది. ఆ చాదస్తం భరించలేక మాత్రలు లెక్కపెట్టి నింపే టెక్నీషియన్లు ఇద్దరు మానేశారని షాపులో చెప్పుకుంటారు. అలాంటి మనిషి దగ్గరికి, మంగళవారం మధ్యాహ్నం, తల్లి మందుల కోసం వచ్చే డయాన్ నోవాక్ ఒక పాత డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"అమ్మకి మళ్లీ అవే మాత్రలు కావాలి," అంది డయాన్. "నెలరోజులుగా కళ్లు తిరుగుతున్నాయంటూనే ఉంది. పోయినవారం బాత్రూమ్‌లో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎనభై రెండేళ్లొచ్చాయి, ఏం చేస్తాం."

డబ్బా మీది లేబుల్‌లో ఇరవై అయిదు మిల్లీగ్రాములని ఉంది. మూత తీస్తే లోపల మిగిలిన ఆరు బీపీ మాత్రలూ యాభైవి, బీపీ పడిపోయి కళ్లు తిరిగేంత ఎక్కువ మోతాదు. మాత్రలు సరిచూసే స్కానర్ పాడైన రోజున, షాపులో ఒక్కతే ఉండి, హడావిడిలో రాధారాణి తన చేత్తో నింపిన డబ్బా అది.

ఆమె సరైన మాత్రలు కొత్త డబ్బాలో పోసి ఇచ్చింది. "పాతది ఇటిచ్చెయ్యండి, మేమే పారేస్తాం," అంది. డయాన్ థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. పాత డబ్బా రాధారాణి కోటు జేబులోకి చేరింది.

భర్త శ్రీధర్ ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లాడు. ఇంట్లో ఆమె తండ్రి ఉమామహేశ్వరరావు ఒక్కడే ఉన్నాడు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆరు నెలలు ఉండివెళదామని ఒంగోలు నుంచి వచ్చాడు. ఆయన చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"ఆవిడ పడాలని రాసిపెట్టి ఉంది, పడింది," అన్నాడాయన. "నువ్వు నిమిత్తమాత్రురాలివమ్మా. ఆ వయసులో నీ మాత్ర లేకపోయినా పడేదే. ఎక్కువ ఆలోచించబాక."

ఈ మాట మీద ఆమెకి చిన్నప్పటి నుంచీ కోపం. తను పదో తరగతిలో ఉండగా చీమకుర్తి దగ్గర ఆయన బస్సు కింద పడి ఒక సైకిలాయన పోయాడు. విచారణలో డ్రైవర్ తప్పు లేదని తేలింది. ఆయన ఇంటికొచ్చి, "వాడి ఆయుష్షు అంతే," అని అన్నానికి కూర్చున్నాడు. రాధారాణి రెండు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. మనిషి చేసినదానికి మనిషే బాధ్యుడని అప్పటినుంచీ వాదిస్తూనే ఉంది.

ఇప్పుడు అదే మాట బెణికిన కాలికి కాపడం పెట్టినట్టు హాయిగా అనిపించింది. కంటినిండా నిద్రపోయింది. డయాన్‌కి ఫోన్ చెయ్యాలన్న ఆలోచన ఒకటి రెండుసార్లు వచ్చినా, చేస్తే మాత్రం విరిగిన ఎముక అతుక్కుంటుందా అని సర్దిచెప్పుకుంది.

శుక్రవారం టెక్నీషియన్ హంసిక ఒక బాటిల్ పట్టుకొచ్చింది. "సారీ రాధగారూ, థర్టీ బదులు ట్వెంటీ నైన్ మాత్రలు వేశాను. రీకౌంట్ చేస్తే తెలిసింది."

"అవుతుంటాయిలే. పంపించెయ్."

హంసిక కదల్లేదు. "మీరేనా ఈ మాట అంటోంది? బుధవారం నుంచి మీరు ఒక్క బాటిల్ కూడా ఓపెన్ చేసి చూడలేదు. ఒంట్లో బాలేదా?"

రాధారాణి వెనక్కి తిరిగి చూసింది. ముప్ఫైకి పైగా మందుల సంచులు సిద్ధంగా వేలాడుతున్నాయి. నిజమే, ఒక్కటీ తను తెరిచి చూసినట్టు గుర్తు లేదు. అంతా ముందే రాసి ఉంటే రెండోసారి చూడటం దేనికి? ఈ ప్రశ్న ఆమె ఎప్పుడూ వేసుకోలేదు, కానీ చేతులు మాత్రం అప్పుడే చూడటం మానేశాయి.

అన్ని సంచులూ దించి, ఒక్కొక్కటే విప్పి చూసింది. గంటన్నర పట్టింది. లైన్లో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. తప్పు ఒక్కటీ దొరకలేదు.

సాయంత్రం తండ్రితో వాకింగ్‌కి వెళ్లినప్పుడు అడిగింది. "నాన్నా, ఆ సైకిలాయన వాళ్ల ఇంటికి ఎప్పుడైనా వెళ్లావా?"

"లేదు. బ్రేకు సరిగా పట్టడం లేదని అంతకు ముందురోజే నాకు తెలుసు. డిపోలో చెబితే బండి ఆపేస్తారు, డ్యూటీ పోతుందని చెప్పలేదు. విచారణలో ఎవరూ అడగలేదు."

"మరి ఆయుష్షు అంతేనన్నావు?"

"అనుకోబట్టే అన్నం దిగింది. అది రాతని నమ్మితే, ఇక వాళ్ల గుమ్మం తొక్కక్కర్లేదు కదమ్మా." ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకా మాట చెప్పకుండా ఉండాల్సింది."

శనివారం పొద్దున రాధారాణి డయాన్‌కి ఫోన్ చేసి, వాళ్ల అమ్మ ఉండే ఇంటికి వెళ్లింది. తండ్రి తనూ వస్తానన్నాడు. మిసెస్ నోవాక్ చేతికి కట్టుతో సోఫాలో కూర్చుని ఉంది. రాధారాణి పాత డబ్బా బల్ల మీద పెట్టి, మాత్రలు మారిపోయాయని, అది తన పొరపాటేనని చెప్పింది.

"అందుకేనా ఆ రోజు డబ్బా తీసుకున్నారు?" అని అడిగింది డయాన్.

అన్నిటికంటే కష్టమైన జవాబు అదే. "అవును. దాచేద్దామనే తీసుకున్నాను."

డయాన్ మొహం ఎర్రబడింది. బయటికి వెళ్లమనబోతుంటే ముసలావిడ చెయ్యెత్తి ఆపింది.

"అయితే నాకొచ్చింది ముసలితనం కాదన్నమాట," అందావిడ. "ఒంటరిగా ఉండలేనని మా అమ్మాయి నన్ను వృద్ధాశ్రమంలో చేర్పించబోతోంది. సోమవారం సంతకాలు పెట్టాలి."

డయాన్ అక్కడే కుర్చీలో కూలబడింది. ఇంగ్లీషు సరిగా రాని ఉమామహేశ్వరరావు గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు.

మిసెస్ నోవాక్ సంతకాలు పెట్టలేదు, తన ఇంట్లోనే ఉండిపోయింది. డయాన్ మాత్రం ఫిర్యాదు చేసింది. షాపు యజమాని రాధారాణిని తీసేశాడు. లైసెన్సు బోర్డు మందలించి, మళ్లీ శిక్షణకి వెళ్లమంది.

ఉమామహేశ్వరరావు అక్టోబరులో ఒంగోలు చేరిన వారానికి చీమకుర్తి వెళ్లాడు. సైకిలాయన భార్య మంచినీళ్లిచ్చి, బ్రేకు సంగతంతా విని, "ఇన్నేళ్లకా?" అని ఒక్క మాటే అందట. ఆ సంగతి చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు.

రాధారాణి ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగానికి వెళ్లింది. ఎప్పుడైనా పొరపాటు చేశారా అని ఇంటర్వ్యూలో అడిగితే డబ్బా సంగతి కూడా దాచకుండా చెప్పింది. వాళ్లు తేల్చుకోడానికి మూడు వారాలు తీసుకుని, రమ్మన్నారు. ఇప్పుడు ఆమె నింపే ప్రతి డబ్బానీ ఇంకో ఫార్మసిస్ట్ తెరిచి చూస్తుంది. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు తనే మూత వదులుచేసి అందిస్తోంది.