ముంజికాయల బండి ఎవరి వెనకాల వెళ్ళింది

రాజోలు పక్కన ఆ ఊళ్ళో వేసవి వచ్చిందంటే తండ్రులకి ఒక పని ఎక్కువ. ముంజులు తినేసిన కాయలు రెండు తీసుకుని, మధ్యన పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలించి పిల్లలకి బండి చెయ్యాలి. చెయ్యి వదిలితే ఆ బండి చేసినవాళ్ళ వెనకాలే పోతుంది. అందుకే అక్కడి ఆడవాళ్ళు మొగుళ్ళని వెతకరు, బండి ఎటెళ్ళిందో చూస్తారు. సాయంత్రమయ్యేసరికి కల్లుపాక ముందు ఆగి ఉన్న బండ్లు లెక్కకి అందేవి కావు.

మోషే అమలాపురంలో గుమాస్తా. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేస్తాడు. ఈసారి ప్రమోషను మీద విశాఖపట్నం వెళ్ళడానికి ఒప్పేసుకుని వచ్చేడు. ఇక పండక్కో పబ్బానికో రావడమే. ఆ మాట చెప్పడానికి నోరు రాక, "రేపు మనం బండి చేద్దాం" అన్నాడు పిల్లలతో. రత్నమాలకి ఆరేళ్ళు, ఇస్సాక్కి నాలుగు.

ఆదివారం చర్చి నుంచి రాగానే కత్తి పట్టేడు. ఫైలు కట్టడం తప్ప మరో విద్య ఎరగని చేతులు. ఒక కాయ నిలువునా చీలిపోయింది. ఇంకోటి ఎగిరి భార్య కృపావతి చారుగిన్నెలో పడింది.

"మీరు ఆడుకోండమ్మా, నేను చేసుకొస్తా" అని దొడ్డిదారిన ముంజులమ్మే సూరిబాబు దగ్గరికి పోయేడు.

"పిల్లల్ని తేవలసిందండీ. పుల్ల వాళ్ళు గుచ్చితేనే సరదా."

"పడుకున్నారయ్యా" అన్నాడు మోషే. ఇంట్లోంచి వాళ్ళ కేకలు అక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి.

సూరిబాబు చేసిచ్చిన బండిని గట్టిగా పట్టుకోమని పిల్లలకి చెబితే సరి, రేపటికి తను ఊళ్ళోనే ఉండడు. గుమాస్తా బుర్ర అంతవరకే పనిచేసింది. "నేనే చేసేను" అని, పట్టని చెమట తుడుచుకున్నాడు కూడా.

సాయంత్రం అరుగులన్నీ నిండి ఉండగా ఇస్సాకు చెయ్యి జారింది. బండి మోషే వైపైనా చూడకుండా వీధి పొడుగునా వెళ్ళి సూరిబాబు మడమకి ఆనుకుని నిలబడింది. సూరిబాబు పాపం ఆకాశంకేసి చూసేడు.

"ఏంటి మోషే, నువ్విక్కడుంటే బండి అటెళ్ళిందేం?" అంది ఎదురింటి అచ్చాయమ్మ.

"మా నాన్నే చేసేడు మామ్మా!" రత్నమాల అడ్డొచ్చింది. "కొత్త బండి కదా, దారి తెలీలేదు."

ఆ ఊళ్ళో దారి తెలియని బండి ఇంతవరకూ పుట్టలేదు. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. తన అబద్ధాన్ని ఆరేళ్ళ పిల్ల నెత్తినెత్తుకుంటే మోషేకి నేలలోకి దిగిపోదామనిపించింది. లంకనేల ఎంత మెత్తనైనా మనిషిని అంత సులువుగా దిగనివ్వదు.

"కాదమ్మా. సూరిబాబు చేసేడు. నాకు రాదు."

"తెలుసు నాన్నా" అంది రత్నమాల, గొంతు తగ్గించి.

అక్కడే, అందరి ముందూ, ముగ్గురూ కూచున్నారు. మోషే కాయలు పట్టుకున్నాడు, ఇస్సాకు పుల్ల గుచ్చేడు, రత్నమాల కర్ర తగిలించింది. ఒక చక్రం పెద్దదీ, ఒకటి చిన్నదీ.

సోమవారం మోషే బస్సు మెట్టు మీద కాలు పెట్టేసరికి ఆ బండి గుడుగుడుమంటూ వచ్చింది. అతని దాకా వచ్చి పిల్లల దగ్గరికి పరుగెత్తింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు.

"ఎక్కుతున్నారా అండీ? అదలా నలిగిపోతోంది" అన్నాడు కండక్టరు. బస్సులో వాళ్ళు మర్యాదగా చూపులు తిప్పుకున్నారు. తిట్టినా బాగుండేది.

కృపావతి బండినీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "అమలాపురం వెళ్ళడానికి ఇంత గుంజాటన పడదే! మీరెక్కడికి వెళ్తున్నారండీ?"

మోషే తల వంచుకున్నాడు. "విశాఖపట్నం. ఒప్పేసుకున్నాను."

అతను దిగిపోయేడు. బస్సు వెళ్ళిపోయింది.

"రానని చెప్పేస్తాను" అన్నాడు చెప్పుల్లోకి చూస్తూ.

రెండో బస్సుకి అమలాపురం వెళ్ళేడు. కిటికీలోంచి తలెత్తి చూసే మొహం లేకపోయింది. బండి రోడ్డు అంచు దాకా వచ్చి, కాసేపు ఆగి, పిల్లల వెనకాల నెమ్మదిగా ఇంటికి మళ్ళింది.