పెనం మీద గుడ్డు

రెండో ప్రపంచయుద్ధంనాటి బాంబర్ విమానాన్ని బాగుచేయించడానికి లింకన్‌షైర్‌లో చందాలు పోగుచేసేవాళ్ళలో ఎనిడ్ మామ్మంత మొండిమనిషి లేదు. ఏళ్ళ తరబడి చర్చి సంతల్లో జామ్ సీసాలు అమ్మింది, కొననివాళ్ళని దులిపి పారేసింది. చివరికి నాలుగు ఇంజన్లూ తిరిగే రోజు వచ్చింది. విమానం ఎగరలేదు గానీ, రన్‌వే చివరిదాకా వెళ్ళి రాగలదు.

“ఎక్కు మామ్మా! మొదటి సీటు నీదే,” అన్నాడు దాన్ని నడపబోయే రోలాండ్.

“ఎక్కడానికి కాదురా ఇంత చేసింది. నువ్వెళ్ళు, వెళ్ళి తిరిగి రా,” అని కసిరింది.

విమానం కదలగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం రన్‌వే పక్కనున్న పాత సైనిక వంటగదిలోకి పోయి, పెనం పొయ్యి మీద పెట్టి, చేతిలో గుడ్డుతో నిలబడింది.

గుడ్డు దొరకడమే గగనమైన ఆ యుద్ధపు రోజుల్లో, బాంబులేసి తిరిగొచ్చినవాళ్ళకి తలా ఒక గుడ్డు వేయించి పెట్టేవాళ్ళు. ఇదే వంటగదిలో, తనని పెళ్ళాడబోయే సిరిల్ కోసం, ఒక తెల్లవారుజామున పడుచు ఎనిడ్ ఇలాగే గుడ్డు పట్టుకుని, చెవులు రిక్కించి నిలబడింది. అతని విమానం మోత వినపడనే లేదు.

బయట మోత దగ్గరైంది. గుమ్మం ముందుకొచ్చి ఆగింది.

ఇన్నేళ్ళకి, ఎనిడ్ ఆ గుడ్డు పగలగొట్టి పెనంలో వేసింది.