గాలి నా వంతు

గజేందర్ జెర్సీకి కొత్త జిప్పు కుడుతున్నాను. పాతది పోయిన పందెంలో ముగింపు గీతకు పది గజాల దూరంలో ఊడి అతని చేతికొచ్చింది. రెండు చేతులూ ఎత్తి గెలిచాడు కానీ, ఛాతీ మీద ఉండాల్సిన కంపెనీ పేరు ఫోటోలో రెండు ముక్కలై పడింది. నా భర్త ఒక సైకిల్ కంపెనీ జట్టులో జీతానికి తొక్కుతాడు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. గీత దాటబోయే ముందు జిప్పు మెడదాకా లాగి, ఆ తర్వాతే చేతులెత్తాలి. జీతమిచ్చేవాడి పేరు నిండుగా కనపడాలి. ఆ రోజు మేనేజర్ అతన్ని తిట్టాడు, అతను ఇంటికొచ్చి నన్ను తిట్టాడు. "ఉతికేటప్పుడు జిప్పు సూసుకోవద్దా? నా గెలుపంత పాడైపాయె."

ఈ పద్ధతులన్నీ నాకు అతనే చెప్పాడు, పెళ్లైన కొత్తలో, దిల్‌సుఖ్‌నగర్‌లో బండి దగ్గర మిర్చిబజ్జీలు తింటూ. ముందున్నవాడు కిందపడితే అదే అదనుగా ఉరకకూడదు. గాలికి అడ్డంగా ముందు తొక్కేవాడు అలిసిపోతే మోచెయ్యి ఆడిస్తాడు. నా వంతు అయిపోయింది, ఇక నువ్వు రా అని దానర్థం. గెలిచినవాడు అన్నిటికన్నా ముందు తనకోసం గాలి మోసినవాణ్ణి వెతుక్కుని కావలించుకోవాలి. ఈ చివరి మాట చెప్తుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మర్యాద తెలిసిన మనిషి దొరికాడని నేను మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే స్కూటీ ఎక్కాను. ఆరేళ్లుగా తెల్లవారి ఐదింటికి ఎల్బీనగర్ చౌరస్తా నుంచి హయత్‌నగర్ దాటేదాకా ముందు నేను, నా వెనక చక్రానికి మూరెడు దూరంలో సైకిల్ మీద అతను. గాలి నాకు కొడితే అతనికి తొక్కుడు తేలికవుతుంది, కాళ్లకు పందెం వేగం అలవాటవుతుంది. నలభై అంటే నలభైలోనే పోవాలి. బ్రేకు గట్టిగా వేయకూడదు. గుంత ముందే చూసి చెయ్యి కిందికి చూపాలి. చలికాలం వేళ్లు కొంకర్లు పోయి, ఇంటికొచ్చి పిండి కలుపుతుంటే పట్టు దొరికేది కాదు. ఆరేళ్లలో నా వెనక అతను ఒక్కసారి కూడా పడలేదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అత్తమ్మ పక్కింటామెతో అంటుంటే విన్నాను, "కాళ్లు నొచ్చేది నా కొడుక్కు. ఆమె బండి మీద కూసొని పోతది, ఆమెకేం కష్టం?" మూసారాంబాగ్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా గజేందర్ ఒకటే అడిగాడు, "మరి నా ప్రాక్టీసు ఎట్ల?" నేను చేరలేదు. ఆ బడివాళ్లు పోయిన వారం మళ్లీ ఫోన్ చేశారు, మంగళవారం ఎనిమిదింటికి సర్టిఫికెట్లతో రమ్మన్నారు. ఏ సంగతీ చెప్పకుండా నాన్చుతున్నాను.

దారం కొరికి జెర్సీ మడతపెడుతూ అడిగాను. "రేపు గెలిస్తే మైకుల నా పేరు గూడ చెప్తవా?" అడగడానికి సిగ్గేసింది.

"గదేం పెద్ద ముచ్చట. చెప్త," అన్నాడు.

ఆదివారం పందెం సరూర్‌నగర్ స్టేడియం ముందు ముగిసింది. చివరి మలుపు దాకా అతని జట్టువాడు తిరుపతి ముందుండి లాగి, మోచెయ్యి ఆడించి పక్కకు తప్పుకున్నాడు. గజేందర్ దూసుకొచ్చాడు. ఒక్క లాగుడుకు జిప్పు మెడదాకా పోయింది. నా కుట్లు నిలిచాయి. చేతులు లేచాయి. ఎక్కడో వెనక, అలిసి వాలిపోతున్న తిరుపతి కూడా తనే గెలిచినట్టు చేతులెత్తాడు. తువ్వాలు, నీళ్ల సీసా పట్టుకున్న నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. గజేందర్ సైకిల్ వదిలేసి తిరుపతిని కావలించుకుని ఏడ్చాడు. "నువ్వు లేకుంటే నేనేడ ఉంటుంటిర?" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, సీసా తీసుకుని, చెమట గ్లౌజులు నా చేతిలో పెట్టి వేదికెక్కాడు.

దండ పడింది. మైకు తీసుకుని కంపెనీ ఓనరు పేరు చెప్పాడు, మేనేజరు పేరు, తిరుపతి పేరు, కన్నతల్లి యాదలక్ష్మి పేరు, చెయిన్లకు నూనె పెట్టేవాడి పేరు, కాళ్లు పిసికేవాడి పేరు. "ఇంకెవరన్నా ఉన్నారా అన్నా?" అని అడిగాడు మైకు అందుకోబోతున్న కుర్రాడు. గజేందర్ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"లేరు. అందరు అయిపోయిన్రు," అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగితే బుజ్జగిస్తున్నట్టే నవ్వాడు. "ఇంటోళ్లకు ఎవడన్న థాంక్స్ చెప్తడా, సుమా? పరాయోళ్లకు చెప్తరు. నువ్వు, నేను ఏరేనా?" అత్తమ్మ అందుకుంది. "మొగని గెలుపు పెండ్లాముది గాదా?" గెలిస్తే ఇద్దరిదీ, జిప్పు ఊడితే నా ఒక్కదానిదీ అనుకున్నాను. ముందు నా మీద నాకే సిగ్గేసింది, నోరు తెరిచి అడుక్కున్నందుకు. ఆ తర్వాత కోపం వచ్చింది, ఆరేళ్లదీ ఒక్కసారే. సోమవారం అతను విశ్రాంతి తీసుకున్నాడు. నేను జెర్సీ ఉతికి ఆరేసి, బడికి ఫోన్ చేశాను.

మంగళవారం తెల్లవారి నన్ను చూసి, "పొద్దుగాల్నే గీ చీరేంది?" అన్నాడు.

"పనున్నది," అన్నాను. సర్టిఫికెట్లు స్కూటీ డిక్కీలో ఉన్నాయి.

హయత్‌నగర్ డిపో దాటాక రోడ్డు ఖాళీ అయింది. స్కూటీ నలభైలో ఉంది. అద్దంలో అతని తల కిందికి వంగి ఉంది, చూపు నా వెనక చక్రం మీదే ఉంది. గాలి ఎదురుగా కొడుతోంది. బ్రేకు వేయలేదు, వేగం తగ్గించలేదు, అతను పడకూడదు. కుడి మోచెయ్యి రెండుసార్లు ఆడించి, నెమ్మదిగా ఎడమ పక్కకు తప్పుకున్నాను. పద్ధతులు తెలిసిన మనిషి, అర్థమయ్యే ఉంటుంది.