పానిక్ అవ్వని మనిషి

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో శశాంక్ చదువు చివరికొచ్చింది. ఏదో ఒక కంపెనీ తీసుకుని థీసిస్ చేయించుకుంటే గట్టెక్కుతాడు. ఇంగోల్‌స్టాట్‌లోని బ్యాటరీల కంపెనీలో ఈ ఇంటర్వ్యూ కూడా పోతే ఇంకో సెమిస్టర్ గాల్లో కలిసినట్టే.

రైలెక్కించేటప్పుడు రూమ్మేట్ జగన్మోహన్ మరీ మరీ చెప్పాడు. “అరేయ్, కూల్‌గ ఉండాలె. పానిక్ అయిన అన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు. గట్లంటే ఎవడు తీస్కోడు.”

ఇంటర్వ్యూ చేసే మేనేజర్ హెలెన్ ఇంగ్లండు మనిషి. బేకరీలో వెనక క్యూ పెరిగేసరికి పానిక్ అయి, అక్కర్లేని రొట్టె కొన్నానని నవ్వుతూ బల్లమీద పెట్టింది. పొద్దున పానిక్ అయి ఒక స్టేషన్ ముందే దిగిపోయిందట కూడా. ఇంగ్లండు వాళ్ళు ఆ మాటను తుమ్మినంత తేలిగ్గా అనేస్తారని మనవాడికి తెలీదు. ఇంత పిరికి మనిషికి ఇంత పెద్ద ఉద్యోగం ఎవరిచ్చారా అని జాలిపడ్డాడు. జాలిపడే మొహమే మరి.

“టెస్ట్ చేస్తుంటే బ్యాటరీలోంచి పొగ వచ్చింది. ఏం చేస్తారు?” అని అడిగింది హెలెన్.

“నేను పానిక్ అవ్వను మేడమ్. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అవ్వలేదు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “పోయినసారి తీసుకున్నాయన కూడా ఇదే చెప్పారు. పొగ వస్తుంటే నన్ను పిలవకుండా కూర్చుని మాన్యువల్ చదివారు. ల్యాబ్ సగం కాలింది.” పెన్నుకు మూత పెట్టేసింది.

ఇదీ పోయినట్టే అనుకున్నాడు శశాంక్. ఇంకేం దాచుకోవాలి?

“అబద్ధం చెప్పాను మేడమ్. మూడు గంటలు ముందే వచ్చాను. ఈ బిల్డింగ్ చుట్టూ ఏడుసార్లు తిరిగాను. సెక్యూరిటీ ఆయన రెండుసార్లు ఐడీ అడిగారు. నవ్వడం టాయిలెట్లో అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. ఇప్పుడు కూడా పానిక్ అవుతూనే ఉన్నాను.” అంటూ బల్లకింద దాచుకున్న చేతులు తీసి పైన పెట్టాడు. రెండూ వణుకుతున్నాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

హెలెన్ ఆ చేతులకేసి చూసింది. లేచి, వాటిలో ఒకదాన్ని అందుకుని గట్టిగా ఊపింది.

“సోమవారం రండి. పొగ వస్తే ఇలాగే వచ్చి నాకు చెప్పండి.”