దొరగారి సగం గడ్డం

రోమనుల ఏలుబడిలోని కొర్దూబా పట్టణంలో మంగలి వీబియుస్ గవర్నరుగారి గడ్డం గీస్తూ చెంప కోశాడు. "వీణ్ణి బెత్తాలతో బాదండి!" అని ఆయన గట్టిగా అరిచాడు. గుమ్మంలో చంటిపిల్లను చంకనేసుకుని నిలబడ్డ వీబియుస్ భార్య ఫౌస్తా ఒక్క ఉదుటున లోపలికొచ్చింది.

అధికారి కోపం చల్లారడానికి వ్యవధి ఉండాలని బెత్తాల కట్టను బిగించి ముడివేయడం రోమనుల ఆచారం. ముడి ఎంతకీ ఊడక భటుడు దాన్ని పళ్లతో కూడా లాగాడు.

"నెమ్మదిగా నాయనా, పళ్లూడతాయి," అంది ఫౌస్తా.

గవర్నరుకు నవ్వాగలేదు.

"కట్ట పక్కన పెట్టరా! కొట్టే అధికారం నాది, ఎక్కడికీ పోదు. ఈ గాటుకి మనిషి వీపు చీల్చాలా? ఏమయ్యా వీబియుస్, రెండో చెంప గియ్యవా?"

"చేతులు వణుకుతున్నాయి దొరా!"

"అయితే కాసేపు ఆగు. నేను ఆగలేదూ?"