కుడివైపు తిప్పిన గుండీ

సిరిసిల్లలో చెవిటివాడు తన చెవుడును దాచుకోవడం ఏమంత కష్టం కాదు. పగలంతా సాంచల కార్ఖానాల్లో నిలబడి పనిచేసే ఊరది. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. వాటి చప్పుడులో మాట వినపడదు. ఎదుటివాడి పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, లేదంటే చేతులతో చెప్పుకోవాలి. ఇంటికొచ్చాక కూడా అందరూ అరిచే మాట్లాడతారు. కొత్త కోడళ్లు మొదట్లో జగడమనుకుని జడుసుకుంటారు. అందరికీ అంతో ఇంతో చెవుడున్న చోట ఒకడికి పూర్తిగా ఉందని ఎవరు కనిపెడతారు? అమీనుద్దీన్ రెండేళ్లుగా ఆ ధైర్యంతోనే బతుకుతున్నాడు.

అతను జాబరు. సాంచ చెడితే బాగుచేసేవాణ్ణి జాబరంటారు. జాబరుకు చెవే కూడు పెడుతుంది. పోగును అటూ ఇటూ మోసే నాడె తగిలే చప్పుడులో తేడా విని, ఎక్కడ ఏ చక్రం వదులైందో చెప్పాలి. చెవులు పోయాక అమీనుద్దీన్ సాంచ మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి రోగం చెప్పడం మొదలుపెట్టాడు. "అమీనుద్దీన్ చెయ్యి వెడితే సాంచ మాట్లాడుతది" అని జనం మెచ్చుకున్నారు. నిజం అతని భార్య అమీనా ఒక్కతెకే తెలుసు. కార్ఖానా నడిపే ఆసామి భీమయ్యకు తెలిస్తే మర్నాడే పని పోతుంది. చెవిటి జాబరును ఎవడు పెట్టుకుంటాడు?

ఆ గుట్టు కాపాడుకోవడానికే అతను ఒక అబద్ధమాడాడు. అది అతన్ని లోపల్నుంచి తినేస్తోంది.

పక్కింటి మార్కండేయులు అతని దోస్తు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. మార్కండేయులుకు నాలుగు సొంత సాంచలుండేవి. "చైనా బట్ట అగ్గువకు దొరుకుతుంటే నీ బట్ట ఎవలు గొంటరు?" అన్నాడు అతని బట్ట కొనే సేటు ఒకనాడు. అంతే, కొనడం మానేశాడు. సాంచలను తుక్కు ఇనుము కింద తూకానికి అమ్ముకున్నాక మార్కండేయులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. జూన్ చివర ఒక మధ్యాహ్నం ఇంట్లోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. అతని భార్య ఊర్మిల తలుపు నెట్టి చూసి, చేతకాక, పరుగున వచ్చి అమీనుద్దీన్ తలుపు బాదింది. "అమీనన్నా, అమీనన్నా" అని గొంతు చించుకుంది. అమీనా రేషను దుకాణానికి పోయింది. అమీనుద్దీన్ లోపలే, తలుపు వైపు వీపు పెట్టి, ఒక పళ్ల చక్రాన్ని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఊర్మిల వీధి చివరిదాకా ఉరికి మనుషులను తెచ్చి తలుపు పగలగొట్టించేసరికి అంతా అయిపోయింది.

"ఇంట్ల లేను చెల్లె, బయటికి వోయిన" అన్నాడు అమీనుద్దీన్ ఆ సాయంత్రం.

కానీ అతని చెప్పులు గడప ముందున్నాయి. ఊర్మిల వాటిని చూసింది. అప్పటినుంచి ఆమె అతని మొహం చూడలేదు. వాడకట్టు అతనికి 'తలుపు తియ్యనోడు' అని పేరు పెట్టింది. చెవిటోడనిపించుకోవడం కన్నా అదే నయమనుకున్నాడు, పిచ్చి మనిషి. కూటి కోసం కోటి విద్యలంటారు. ఆ కోటిలో ఇంత పాడు విద్య కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

శవం ముందు వాడంతా ఒట్టు పెట్టుకుంది. మొన్నటి ఉప ఎన్నికల్లో జై తెలంగాణ అని అరిచి బొంగురుపోయిన గొంతులే ఆ రోజు "చైనా సామాను ముట్టం" అన్నాయి. "ఆగస్టు ఎనిమిది నుంచి చైనాల ఒలింపిక్స్ అట. ఎవలింట్ల గూడ గవి వెట్టద్దు" అన్నాడు భీమయ్య. అందరి చేతులూ లేచాయి. పెదవులు చదివి అమీనుద్దీన్ కూడా చెయ్యెత్తాడు.

ఎత్తాడు గానీ, తారీఖు దగ్గరపడేకొద్దీ అతని ప్రాణం కొట్టుకుంది. నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్‌ను వాళ్లిద్దరూ కలిసే చూసేవారు, మార్కండేయులు ఇంట్లో. ఆటలకన్నా మొదటి రోజు పండుగే వాళ్లకు ముఖ్యం. దేశాలన్నీ జెండాలు పట్టుకుని నడుస్తుంటే, ఎవరి కోటు కాటనో ఎవరిది పాలిస్టరో పందెం కట్టేవారు. తేల్చేవాడు లేడు కనుక ఇద్దరూ గెలిచేవారు. ఈసారి మన హాకీ జట్టుకు చోటే దక్కలేదు. చూడ్డానికి మిగిలింది ఆ నడకే. చైనా మీద అతనికీ కోపముంది. ఎంత ఉన్నా, చూడకపోతే దోస్తును రెండోసారి వదిలేసినట్టు అనిపించింది.

ఎనిమిదో తారీఖు శుక్రవారం. జుమ్మా నమాజు చేసుకుని, భీమయ్యకు జ్వరమని చెప్పి ఇంటికొచ్చాడు. అమీనా తన చెల్లెలి కాన్పుకని కోరుట్లలో ఉంది. టీవీ రెండేళ్ల కింద జగిత్యాలలో సెకండ్‌హ్యాండులో కొన్నది, గుండీలు తిప్పే పాతది. దాన్ని ముట్టుకునేది అమీనాయే. వినపడని పెట్టెతో అతనికేం పని? ఐదున్నర దాటాక కిటికీ మూసి, తలుపు దగ్గరగా వేసి, టీవీ పెట్టాడు. చప్పుడు బయటికి పోకూడదు. సౌండు గుండీని కుడివైపు తిప్పాడు, ఇక తిరగనంత వరకు. నట్టయినా నల్లా అయినా మూయాలంటే కుడికే బిగించాలి. ముప్పై ఏళ్లుగా అతని చేతికి తెలిసిన శాస్త్రం అదొక్కటే.

సాంచలు నడిచే రోజుల్లో అయితే ఆ చప్పుడు పక్కింటికి కూడా చేరేది కాదు. ఇప్పుడు వాడలో సాంచలే లేవు. తుక్కుకు పోగా ఈ వాడ వాళ్లకు మిగిలింది ఊరి చివర భీమయ్య కార్ఖానా ఒక్కటే.

తెర మీద వేల మంది డోళ్లు కొట్టడం మొదలుపెట్టారు. అమీనుద్దీన్‌కు చేతులు లేచి పడడమే కనిపించింది. వాడకట్టుకు డోళ్లు వినిపించాయి. నలభై రోజుల కింద చావు డప్పు మోగిన ఇంట్లో, అదే గోడ పక్కన, ఊర్మిల బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచింది.

ఆమె తలుపు నెట్టుకుని వచ్చేసరికి వెనక భీమయ్య, అతని వెనక మరో పది మంది ఉన్నారు.

"సిగ్గు లేదా నీకు?" అని అరిచింది.

అమీనుద్దీన్ చాప మీద, తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కదలలేదు. తెర వైపు వంగి, గుసగుసలాడుతున్నాననుకుని, పెద్ద గొంతుతో అన్నాడు:

"మార్కండేలూ, గా అంగీల మెరుపు సూడు. పాలిస్టరే. పందెమా?"

ఊర్మిల నోట్లో తిట్టు నోట్లోనే ఆగింది. "అమీనన్నా" అని పిలిచింది. ఆ జూన్ మధ్యాహ్నం ఎంత గట్టిగా పిలిచిందో అంత గట్టిగా పిలిచింది. అతని వీపు కదలలేదు. ఆమె వెనక్కి తిరిగి గడప వైపు చూసింది. అతని చెప్పులు ఆ రోజున్నట్టే ఉన్నాయి.

వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. అతను ఉలిక్కిపడి చూస్తే ఊర్మిల, భీమయ్య, తలుపు నిండా జనం. ఆమె ఆ అరచేతిని తీసుకుపోయి టీవీ మీద ఆనించింది. పెట్టె సాంచలా అదురుతోంది. చెయ్యి పెట్టి రోగం చెప్పే జాబరుకు వేరే చెప్పనక్కర్లేదు. గుండీని ఎడమకు తిప్పాడు. అదురు ఆగింది.

భీమయ్య అటు తిరిగి జనంతో ఏదో అన్నాడు. అతని పెదవులు కనిపించలేదు. విన్నవాళ్లు ఒక్కొక్కరే తల దించుకోవడం చూసి, తన పని పోయిందని అమీనుద్దీన్‌కు అర్థమైంది.

ఊర్మిల మాత్రం అతని ఎదురుగా వచ్చి నిలబడింది. పెదవులు కనిపించేలా, ఒక్కొక్క మాటే అంది.

"నువ్వు ఇనలే, గా రోజు."

"ఇనలే చెల్లె."

"ఇన్ని దినాలు నిన్ను శాపాలు వెట్టిన."

అతను తల ఊపాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నలభై రోజులుగా ఆమెను నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటి ఉంది.

"నువ్వు ఇని, గప్పుడే తలుపు తీసుకొని అస్తే, ఆయన బతుకుతుండెనా?"

ప్రతి అక్షరం అతనికి అందింది. అందనట్టు చూస్తే సరిపోయేది. చెవిటివాడని ఇప్పుడు అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ పక్కింటి తలుపు ఎంత గట్టిదో అతనికి తెలుసు. దాని బందులు బిగించింది అతనే. రెండు సుత్తి దెబ్బలకు ఊడొచ్చేవి.

"బతుకుతుండెనేమో, చెల్లె" అన్నాడు.

మెల్లగా అన్నాననుకున్నాడు. వాడంతా విన్నది.