చూపుడువేలు

“ఆ గ్రెగ్ కుర్రాడికి వీపున కూడా కళ్ళున్నాయి,” అన్నాడు వెర్న్, మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చిన పాస్టీ సగం ఒక్కసారే నోట్లో కుక్కుకుని. “మొన్నటి ఐస్ హాకీలో ఆ మూడో గోల్ రేడియోలో విన్నావా? పక్ ఎవడి కర్రకి తగిలి ఎవడి దగ్గరికి పోయిందో ఎదురుగా కూర్చున్నవాడి కంటికే ఆనదు. వాడు మాత్రం గోల్ కొట్టినవాడి పేరు, వాడికి అందించినవాడి పేరు, ఆ అందించినవాడికి అందించినవాడి పేరు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మిల్లులో ఎవడి నోట విన్నా వాడి మాటే. నువ్వు శనివారాలు అక్కడే కాఫీలు కలుపుతుంటావు గదా, మావాళ్ళంతా మెచ్చుకుంటున్నారని చెప్పు వాడితో.”

“చెప్తాలే,” అంది హెల్వి. ఆమె సింకు దగ్గర నిలబడి, పాస్టీలు కాల్చిన రేకుకి పట్టిన మాడు గీకుతోంది.

కాఫీలు కలపడం అబద్ధమేమీ కాదు. కాలేజీ రేడియోలో కాఫీ కలిపేదీ హెల్వీయే, శనివారం పొద్దున్నే లేచి యాలకుల రొట్టె చేసి పట్టుకెళ్ళేదీ హెల్వీయే. అందుకే అక్కడి కుర్రకారంతా ఆమెను ‘అమ్మా’ అని పిలుస్తారు. పెళ్ళితో ఆగిపోయిన చదువును ముప్ఫై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ అందుకున్న మనిషిని, వాళ్ళతోపాటే పరీక్షలు రాసే మనిషిని, అమ్మా అనడంలో వాళ్ళకి తప్పేమీ కనిపించలేదు. ఆమెకు మాత్రం ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఎవరో చేతికి అంట్లగుడ్డ అందించినట్టుండేది. కాఫీ అయ్యాక ఆమె చేసే అసలు పని ఇంకొకటుంది. మంచు మైదానానికి పైన, చూరు కింద ఉన్న చిన్న గదిలో గ్రెగ్ పక్కన కూర్చుంటుంది. ఇద్దరి మధ్యా ఒక అట్ట, దానిమీద రెండు జట్ల ఆటగాళ్ళ పేర్లు. మంచు మీద జారే ఆ రబ్బరు బిళ్ళ, పక్, ఎవరి దగ్గరుంటే ఆ పేరు మీద ఆమె చూపుడువేలు ఉంటుంది. పక్ కదిలితే వేలు కదులుతుంది. గ్రెగ్ ఓరకంట ఆ వేలిని చూస్తూ మైకులో చదివేస్తాడు. గోల్ పడితే చూపుడువేలు చివరి పాస్ ఇచ్చినవాడి మీద, మధ్యవేలు అంతకుముందు పాస్ ఇచ్చినవాడి మీద నిలుస్తాయి. వెర్న్ మెచ్చుకున్న ఆ వీపు కళ్ళు నిజానికి ఇప్పుడు సబ్బు నీళ్ళలో నానుతున్నాయి.

ఒకసారి చెప్పింది మొగుడితో. “నేనే వేలు పెట్టి చూపిస్తాను, వాడు చెప్తాడు,” అని.

వెర్న్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “రేడియోలో కూడా వేలు పెడుతున్నావా నువ్వు! అమ్మా, విన్నావా?”

అత్తగారు సైమా అల్లిక సూదులు ఆపకుండానే అంది. “ఇంట్లో పెట్టింది చాలదా ఏం? మా రోజుల్లో మేమూ ఆట చూసేవాళ్ళం. నోళ్ళు మూసుకుని చూసేవాళ్ళం.”

ఆ తర్వాత హెల్వి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కాలేజీ జట్టు కాపర్స్ అంటే ఆమెకు చిన్నప్పటినుంచీ పిచ్చి. ముద్దుగా అభిమానం అనుకోవచ్చుగానీ పిచ్చే. పక్కలో దుప్పటి కింద రేడియో పెట్టుకుని విన్న పిచ్చి, జట్టు ఓడితే సోమవారం బడి ఎగ్గొట్టిన పిచ్చి. పెళ్ళయ్యాక ఆ పిచ్చి పోవడానికి చోటు లేక వంటింట్లోనే కాపురం పెట్టింది. బంగాళాదుంపలు తరుగుతూ లోలోపల కామెంటరీ చెప్పుకునేది. వెర్న్ కుర్చీలోంచి లేచాడు, ఫ్రిజ్ వైపు దూసుకొస్తున్నాడు, దగ్గరికొచ్చాడు, ఇంకా దగ్గరికొచ్చాడు, అయ్యో, వెనక్కి తిరిగాడు, కూర్చున్నాడు, హెల్వీ, ఒక బీరందుకో అన్నాడు! నవ్వొచ్చేది, ఒక్కోసారి నవ్వు సగంలోనే ఆగిపోయేది. ఈ ఇంట్లో గోల్స్ అన్నీ వెర్న్ కొడతాడు. జీతం తెచ్చేది, పైకప్పు మీది మంచు దింపేది, జింకను కొట్టుకొచ్చేది అతనే, ఊరంతా భుజం తట్టేదీ అతన్నే. ఉతికిన మేజోళ్ళు, కట్టిన క్యారేజీ, అత్తగారి మందులు, ఇవన్నీ ఎవరందించారో ఎవరూ అడగరు. తను ఇష్టపడ్డ ఈ ఆటలో మాత్రం అడుగుతారు. గోల్ కొట్టినవాడితో ఆగరు. అందించినవాడి పేరూ, వాడికందించినవాడి పేరూ పక్కనే రాస్తారు. లోకంలో ఇంత న్యాయమైన ఆట ఇంకోటి లేదని హెల్వి నమ్మకం. ఆ రెండో పేరు దగ్గర ఆమె వేలు ఎప్పుడూ తప్పలేదు.

శరదృతువులో, ఆటలు మొదలవకముందు, రేడియో వ్యవహారాలు చూసే ప్రొఫెసర్ ట్రెంబాత్ దగ్గరికెళ్ళి అడిగింది. ఆటలోని మూడు పీరియడ్లలో ఒక్కటి నన్ను చెప్పనివ్వండి సార్ అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నీకు తెలియదని కాదమ్మా. నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కానీ ఆడగొంతు గోల్ అని కేకేస్తే వినేవాళ్ళు ఇంట్లో ఏదో పడి పగిలిందనుకుంటారు. జనానికి అలవాటు లేదు.” మాట మెత్తగానే ఉంది. ఆ మెత్తదనానికే ఆమెకు ఎక్కువ మండింది. అలవాటు చెయ్యకుండా అలవాటెలా అవుతుందని అడగాలనిపించింది. అడగకుండా, “సరే సార్” అని వచ్చేసి, శనివారం రొట్టెలో యాలకులు వెయ్యడం మర్చిపోయింది.

మార్క్వెట్ జట్టుతో ఆట ఆ ఏటికల్లా పెద్దది. మంచు తుఫాను వస్తోందని, వాళ్ళ బస్సు చీకటి పడేలోగా బయల్దేరాలని, మధ్యాహ్నానికే పెట్టారు. మైదానం కిక్కిరిసిపోయింది. రాలేనివాళ్ళంతా రేడియోల దగ్గర చేరారు. మిల్లు స్నేహితులు వస్తున్నారని వెర్న్ ముందే చెప్పడంతో, హెల్వి పొద్దున్నే పెద్ద గిన్నెడు కూర వండి పొయ్యిమీద పెట్టి మరీ వచ్చింది.

మూడో పీరియడ్‌లో చెరి రెండు గోల్స్‌తో ఆట బిగిసింది. ప్రత్యర్థులు పక్‌ను తమ వైపు నుంచి బయటికి తరిమేశారు. అది నీలం గీత దాటబోతోంది. దాటితే కాపర్స్ దాడి అక్కడితో సరి. ఆ క్షణంలో టోయ్‌వోలా అనే కుర్రాడు, ఏడాదంతా బెంచీ మీద కూర్చుని ఆ రోజే మంచు మీదికి దిగినవాడు, ఒళ్ళంతా పరిచేసి పడి, కర్ర కొసతో పక్‌ను ఆపి లావిన్‌కి తోశాడు. లావిన్ నుంచి మెక్‌ఫేల్‌కి. మెక్‌ఫేల్ నుంచి వలలోకి.

గది అదిరిపోయింది. “మెక్‌ఫేల్! మెక్‌ఫేల్! మెక్‌ఫేల్!” అని గ్రెగ్ కుర్చీలోంచి లేచి అరుస్తున్నాడు. హెల్వి చూపుడువేలు లావిన్ మీద, మధ్యవేలు టోయ్‌వోలా మీద ఉన్నాయి. గ్రెగ్ లావిన్ పేరు చెప్పాడు. తర్వాత మెక్‌ఫేల్ ఎంత గొప్పవాడో, వాణ్ణి ఎంచుకున్న కోచ్ ఎంత గొప్పవాడో మొదలుపెట్టాడు. హెల్వి మధ్యవేలితో అట్టమీద తట్టింది. అతను చూడలేదు. మళ్ళీ తట్టింది. ఈసారి చూశాడు. చూసి, మాట ఆపకుండానే, రొట్టె మీద వాలిన ఈగను తోలినట్టు ఆమె చేతిని అట్ట మీదనుంచి తోసేశాడు.

దురుద్దేశంతో చేసిన పని కాదది. హెల్వికి తెలుసు. ఆ పిల్లవాడు మంచివాడే, ఉత్సాహంలో ఉన్నాడు. ఆలోచన లేకుండా తొయ్యగలిగాడు, అదే ఆమెను తాకింది. ఆ చెయ్యి ఒక మనిషిదని, ఆ మనిషి ఆ గోల్‌ని తనకంటే ముందు చూసిందని అతనికి తట్టలేదు. వెర్న్‌కి తట్టనట్టే, ట్రెంబాత్‌కి తట్టనట్టే. ఆమెకు ఏడుపు రాలేదు. తోసేసిన చేతిని మళ్ళీ అట్టమీద పెట్టలేదు. రెండో చేతితో కలిపి ఒళ్ళో పెట్టుకుంది.

ఆట మళ్ళీ మొదలైంది. గ్రెగ్ ఓరకంట అట్ట వైపు చూశాడు. వేలు లేదు.

“ఇప్పుడు పక్... మనవాడి దగ్గరుంది... అతను ఇంకొకరికి ఇచ్చాడు... ఆ ఇంకొకరు... వేగంగా వెళ్తున్నారు... మార్క్వెట్ ఆటగాడు అడ్డుపడ్డాడు... పొడుగాటి ఆటగాడు...” గ్రెగ్ నుదుటిమీద చెమట పట్టింది, అంత చలిలో. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, “అమ్మా! వేలు! వేలు!” అన్నాడు.

విరామంలో అతిథులతో మాట్లాడేందుకు రెండో మైకొకటి బల్ల చివర పడుంటుంది. హెల్వి దాన్ని దగ్గరికి లాక్కుని మీట నొక్కింది.

“ఆ గోల్ టోయ్‌వోలాతో మొదలైంది,” అంది. “నీలం గీత మీద ఒళ్ళు పరిచి ఆపాడు. ఆపకపోతే గోల్ లేదు. మెక్‌ఫేల్ కొట్టాడు, లావిన్ అందించాడు, లావిన్‌కి టోయ్‌వోలా అందించాడు. ఇక ఆటలోకి. పక్ మార్క్వెట్ వాళ్ళ దగ్గర, బెర్గ్ ఎడమ వైపు నుంచి వస్తున్నాడు, లావిన్ వెంటపడ్డాడు, వదలడం లేదు, గోడకేసి నొక్కాడు, పక్ ఊడింది! హాన్సన్ తీసుకున్నాడు, ఊపిరి పీల్చుకోండి, మనవాళ్ళు ఆటగాళ్ళను మారుస్తున్నారు...”

ఏళ్ళ తరబడి బంగాళాదుంప తొక్కల మీద పారబోసిన మాటలన్నీ వరసకట్టి వచ్చాయి. ఏ మాటా తడుముకోలేదు. గ్రెగ్ తన మైకు మీట కట్టేసి వెనక్కి వాలాడు. ఆట చివర్లో మార్క్వెట్ వాళ్ళు గోల్‌కీపర్ని కూడా బయటికి పిలిచి, బదులు ఇంకో ఆటగాణ్ణి దింపి, ఆరుగురితో విరుచుకుపడ్డారు. హెల్వి నిలబడిపోయింది. ఏం అరిచిందో ఆమెకే తెలియదు. గంట మోగేసరికి కాపర్స్ గెలిచారు. ఆమె రెండు చేతులూ గాల్లో ఉన్నాయి, బుగ్గలు మండుతున్నాయి. కింద మంచు మీద కుర్రాళ్ళు టోయ్‌వోలా మీద పడి దొర్లుతుంటే, ఇది నేను చెప్పాను, ఇదంతా నా గొంతుతో చెప్పాను అనుకుంది. అంత గర్వం ఆమె ఒంట్లో ఎప్పుడూ పట్టి ఉండలేదు.

ట్రెంబాత్ మెట్లన్నీ పరుగున ఎక్కి రొప్పుతూ వచ్చాడు. “ఎవరు చెప్పమన్నారు నిన్ను? స్టేషన్లో ఫోన్లు ఆగడం లేదు!”

“తిడుతున్నారా సార్?”

“కొందరు తిట్టారు.” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “టోయ్‌వోలా వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కొడుకు పేరు రేడియోలో వినడం ఇదే మొదటిసారిట. మళ్ళీ ఒక్కసారి చెప్పించమని అడుగుతోంది.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సరే. వచ్చే శనివారం ఒక పీరియడ్ చెప్పు. చూద్దాం.”

“ఒక పీరియడ్ కాదు సార్, చెరి సగం. గ్రెగ్ చెప్పేటప్పుడు నా వేలుంటుంది. నేను చెప్పేటప్పుడు వాడి వేలుండాలి.”

“నా వేలా!” అన్నాడు గ్రెగ్ హడలిపోయి. “పక్ ఎవడి దగ్గరుందో నాకేం కనిపిస్తుందమ్మా?”

“నేర్చుకో నాయనా. ఇంకో మాట, నా పేరు హెల్వి.”

ట్రెంబాత్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తలూపాడు.

ఇంటికొచ్చేసరికి మంచు మొదలైంది. స్నేహితులు వెళ్ళిపోయారు, కూర గిన్నె ఖాళీగా ఉంది, బల్లనిండా ఎంగిలి పళ్ళేలు. వెర్న్ మొహం వెలిగిపోతోంది.

“గెలిచాం! విన్నావా, చివర్లో ఎవరో ఆడమనిషి చెప్పింది. ఆడగొంతేమిటని ముందు తిట్టుకున్నాం గానీ, ఏం చెప్పింది! డిట్రాయిట్ నుంచి రప్పించుంటారని మావాళ్ళు పందెం కాశారు. కాదు, కెనడా మనిషని నేనన్నాను. నువ్వక్కడే ఉన్నావుగా, ఎవరావిడ?”

హెల్వి కోటు బొత్తాలు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని అతని మొహంలోకి చూసింది. లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

సైమా అల్లిక ఒళ్ళో పడేసింది. “నీ పెళ్ళాంరా, దద్దమ్మా! పదకొండేళ్ళుగా ఆ గొంతే నిన్ను భోజనానికి పిలుస్తోంది.”

వెర్న్ నవ్వబోయాడు. తల్లి నవ్వడం లేదు. భార్య వైపు తిరిగాడు. ఆమె కూడా నవ్వడం లేదు.

“నువ్వా?” అన్నాడు. “మరి చెప్పలేదేం?”

తనకు కోపం వస్తుందనుకుంది హెల్వి, రాలేదు. చెప్పిన రోజు అతనెంత నవ్వాడో గుర్తు చేయబుద్ధి కూడా కాలేదు. ఊరంతా ఆమె గొంతు విన్న రోజిది. బల్లమీది ఎంగిలి పళ్ళేలు దాటుకుని వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు అత్తగారి వైపు చూసి తలాడించింది, తర్వాత మొగుడితో అంది.

“వచ్చే శనివారం ముందు నా పేరు చెప్పి మొదలుపెడతాను వెర్న్, గొంతు పోల్చుకోలేనివాళ్ళ కోసం.”